పందొమ్మిదో శతాబ్దపు అమెరికన్ హాస్య రచనల్లో వాడుక భాష: అక్షర దోషం నుండి కథన స్వరం వరకు

వ్యాస సంగ్రహం:
పందొమ్మిదో శతాబ్దపు అమెరికన్ హాస్య రచయితలు మాండలికాన్ని, స్లాంగ్‌ను, ఉద్దేశపూర్వకమైన అక్షర దోషాలను విరివిగా వాడారు. ఈ మూడింటినీ ఒకే గాటన కట్టడం వల్ల ఆ సాహిత్యంలో వచ్చిన మౌలికమైన మార్పు మరుగున పడుతుంది. నవ్వించడానికి ఉపకరించిన సామాన్యుని పలుకు క్రమంగా కథను నడిపే స్వరంగా ఎదిగింది. ఆ పరిణామాన్ని ప్రధాన రచనల ఆధారంగా వివరించి, తెలుగు అనువాదానికి అది నేర్పే పాఠాన్ని సూచించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: అమెరికన్ హాస్యం, మాండలికం, స్లాంగ్, వర్ణక్రమం, మార్క్ ట్వేన్, అనువాదం.

1. ఉపోద్ఘాతం

తెలుగువారితో సహా అనేక భాషల వారు నిత్యం పలికే ‘ఓకే’ అనే మాట ఒక పత్రికా పరిహాసం నుండి పుట్టింది. 1839 మార్చి 23న బోస్టన్ మార్నింగ్ పోస్ట్ పత్రికలో అది అచ్చయింది. ‘ఆల్ కరెక్ట్’ అనే మాటలు ఓ, కే అక్షరాలతో మొదలయ్యేటట్లు కావాలని తప్పుగా రాసి, ఆ తొలి అక్షరాలను సంక్షిప్త రూపంగా వాడారు. ‘అంతా సరిగ్గా ఉంది’ అనే మాటనే తప్పుగా రాయడంలో ఉంది చమత్కారం. భాషావేత్త అలెన్ వాకర్ రీడ్ 1960లలో ఈ చరిత్రను సాక్ష్యాధారాలతో నిరూపించాడు.

ఇక్కడ ఒక విభజన అవసరం. ఒక ప్రాంతం లేదా సమూహం మాట్లాడే భాషారూపం మాండలికం; దానికి తనదైన ధ్వని, వ్యాకరణ నియమాలుంటాయి. ఒక వృత్తివారు, వయసువారు లేదా బృందంవారు తమలో తాము వాడుకునే పలుకుబడి స్లాంగ్. ఈ రెండూ నోటికి సంబంధించినవి. అక్షర దోషం మాత్రం కాగితానికి సంబంధించినది. హాస్య రచయిత ఒక మాటను వంకరగా రాసినప్పుడు, ఆ రాత ఒక ధ్వనిని నమోదు చేస్తున్నదా, లేక పలికేవాణ్ణి తక్కువ చేస్తున్నదా అన్నది పరిశోధకుడు ముందుగా వేసుకోవలసిన ప్రశ్న.

2. చట్రంలో బంధించిన పలుకు

మెయిన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్ నగరంలో సీబా స్మిత్ 1830లో జాక్ డౌనింగ్ అనే పల్లెటూరి పాత్ర పేరిట లేఖలు ప్రచురించడం ప్రారంభించాడు. ఈశాన్య ప్రాంతపు యాంకీ పలుకు రాజకీయ వ్యంగ్యానికి వాహకంగా నిలదొక్కుకోవడంలో ఈ లేఖలది ముఖ్య పాత్ర. అదే కాలంలో నైరుతి సరిహద్దు ప్రాంతాల హాస్యం మరో దారి పట్టింది. న్యాయవాది, న్యాయమూర్తి అయిన అగస్టస్ బాల్డ్విన్ లాంగ్‌స్ట్రీట్ 1835లో ‘జార్జియా సీన్స్’ ప్రచురించాడు. విలియం టి. పోర్టర్ న్యూయార్క్ నుండి నడిపిన ‘స్పిరిట్ ఆఫ్ ది టైమ్స్’ వారపత్రిక ఇటువంటి రచనలకు వేదిక అయింది.

ఈ రచనల్లో తరచుగా కనిపించే నిర్మాణం ఒకటుంది. చదువుకున్న పెద్దమనిషి శిష్ట భాషలో కథ ప్రారంభిస్తాడు. మధ్యలో సరిహద్దు మనిషి తన భాషలో కోతలు కోస్తాడు. చివర మళ్లీ పెద్దమనిషి వచ్చి ముగిస్తాడు. 1841లో అచ్చయిన థామస్ బ్యాంగ్స్ థార్ప్ కథ ‘ది బిగ్ బేర్ ఆఫ్ అర్కాన్సా’ ఇందుకు మంచి ఉదాహరణ. మిసిసిపీ నదిపై పడవలో జిమ్ డాగెట్ చెప్పే ఎలుగుబంటి వేట కథను పెద్దమనిషి విని మనకు అందిస్తాడు. కెన్నెత్ లిన్ 1959 నాటి తన గ్రంథంలో ఈ చట్రాన్ని అంటువ్యాధి సోకకుండా గీసే కంచెతో పోల్చాడు. సామాన్యుని పలుకును పాఠకుడు ఆస్వాదించవచ్చు. కాని అది తనకు అంటుకోదన్న భరోసాను చట్రం ఇస్తుంది.

3. కంటికి మాత్రమే వినిపించే యాస

1850ల చివరి నుండి మరో ధోరణి బలపడింది. ఆర్టిమస్ వార్డ్ పేరుతో చార్లెస్ ఫరార్ బ్రౌన్, పెట్రోలియం వి. నాస్బీ పేరుతో డేవిడ్ రాస్ లాక్, జాష్ బిల్లింగ్స్ పేరుతో హెన్రీ వీలర్ షా రాసిన రచనల్లో వాక్యవాక్యానికీ అక్షర దోషాలుంటాయి. ‘వజ్’ అనే క్రియను డబ్ల్యు-యు-జెడ్ అనీ, ‘సెజ్’ అనే క్రియను ఎస్-ఇ-జెడ్ అనీ రాయడం ఈ తరహా రాతకు నమూనా. హార్వర్డ్ ఆచార్యుడు సైతం ఈ మాటలను అలాగే పలుకుతాడు. ధ్వని మారలేదు; రాసినవాడు చదువురానివాడన్న సూచన మాత్రమే చేరింది. ఇటువంటి రాతకు జార్జ్ ఫిలిప్ క్రాప్ 1925లో ‘ఐ డయలెక్ట్’ అని పేరు పెట్టాడు. తెలుగులో దీనిని ‘కంటి మాండలికం’ అనవచ్చు.

ఈ హాస్యం పండడానికి సామాజిక కారణముంది. నోవా వెబ్‌స్టర్ 1783లో ప్రచురించిన వర్ణక్రమ వాచకం తరతరాల బడిపిల్లల చేతుల్లో నలిగింది. స్పెల్లింగ్ పోటీలు ఊళ్లలో వేడుకలుగా జరిగేవి. వర్ణక్రమమే చదువుకు కొలబద్ద అయిన సమాజంలో దానిని ధిక్కరించడం నవ్వు పుట్టించింది. బ్రౌన్, లాక్ ఇద్దరూ అచ్చుకూటాల్లో పని నేర్చినవారు కావడం గమనార్హం. అక్షరాలను ఒక్కొక్కటిగా పేర్చిన చేతులకు వాటిని తారుమారు చేస్తే కలిగే ప్రభావం బాగా తెలుసు. ఆర్టిమస్ వార్డ్ ఉపన్యాస వేదిక ఎక్కినప్పుడు మోటు ప్రదర్శనకారుణ్ణి ఊహించి వచ్చిన శ్రోతలకు సంస్కారవంతమైన భాష మాట్లాడే యువకుడు కనిపించేవాడు. కాగితం మీది దోషాలకు వేదిక మీద స్థానం లేదు.

అయితే ఈ రచనలు కేవలం కాలక్షేపం కావు. 1862 సెప్టెంబరు 22న అధ్యక్షుడు లింకన్ బానిస విమోచన ప్రకటనను మంత్రివర్గం ముందుంచడానికి ముందు ఆర్టిమస్ వార్డ్ రచన ఒకటి చదివి వినిపించాడు. నాస్బీ పాత్ర బానిసత్వాన్ని సమర్థించే మూర్ఖుడు; అతని అక్షర దోషాలు అతని వాదంలోని అజ్ఞానానికి అద్దం పడతాయి. మరియెట్టా హాలీ 1873 నుండి సమంతా అనే గ్రామీణ గృహిణి నోట స్త్రీల హక్కుల వాదాన్ని పలికించింది. అక్కడ వాడుక భాష అజ్ఞానానికి గాక ఇంగితజ్ఞానానికి గుర్తు. ఒకే సాధనం పరస్పర విరుద్ధ ప్రయోజనాలకు ఉపకరించిందన్నమాట.

4. రెండు పరిభాషల ముఖాముఖి

మార్క్ ట్వేన్ 1872లో ప్రచురించిన ‘రఫింగ్ ఇట్’ గ్రంథంలోని బక్ ఫాన్షా అంత్యక్రియల ఘట్టం స్లాంగ్ అధ్యయనానికి విలువైన పాఠం. నెవాడాలోని వెండి గనుల పట్టణం వర్జీనియా సిటీలో స్కాటీ బ్రిగ్స్ తన మిత్రుని అంత్యక్రియలు జరిపించమని కోరడానికి, తూర్పు ప్రాంతం నుండి కొత్తగా వచ్చిన యువ మతాచార్యుని వద్దకు వెళతాడు. స్కాటీ మాటల నిండా పేకాట పలుకుబళ్లు, గని పనివారి నుడికారాలు. మతాచార్యుని మాటల నిండా వేదాంత పాఠశాలలో నేర్చిన లాటిన్ పదాలు. ఒకరి మాట ఒకరికి అర్థం కాదు.

ఈ ఘట్టంలో ట్వేన్ ఎవరి పక్షమూ వహించడు. స్కాటీ పలుకు ఎంత బృందభాషో, మతాచార్యుని పలుకూ అంతే బృందభాష. చివరకు స్కాటీ ఆదివారపు బడిలో బైబిల్ కథలను తన స్లాంగ్‌లోనే చెబుతుంటే పిల్లలు తన్మయులై వింటారు. శిష్ట భాష కొలబద్ద స్థానం నుండి దిగి, అనేక భాషారూపాల్లో ఒకటిగా నిలిచింది.

5. చట్రం తొలగిన కథనం

ఈ మార్పు బీజాలు 1865లో ట్వేన్ ప్రచురించిన కప్ప కథలోనే ఉన్నాయి. అందులో పెద్దమనిషి చట్రం ఉంది. కాని పరిహాసానికి గురయ్యేది ఆ పెద్దమనిషే. 1884–85లో వెలువడిన ‘హకల్‌బెరీ ఫిన్’ నవలలో చట్రం పూర్తిగా అదృశ్యమయింది. నవల అంతా ఒక బాలుడు తన భాషలోనే చెబుతాడు. హక్ కథనంలో అక్షర దోషాలు స్వల్పం. క్రియారూపాలు, రెండు వ్యతిరేకార్థకాల కలయిక, వాక్యాలను సముచ్చయంతో గొలుసుకట్టే తీరు అతని గొంతును వినిపిస్తాయి. కంటి మాండలికం వెనక్కి తగ్గి నోటి వ్యాకరణం ముందుకు వచ్చింది.

నవల ఆరంభంలోని వివరణలో ట్వేన్ తాను మిస్సోరి నల్లవారి మాండలికం, నైరుతి మారుమూల మాండలికం, పైక్ కౌంటీ మాండలికం, దాని నాలుగు భేదాలు వాడినట్లు చెప్పాడు. ఇది పరిహాసమని చాలామంది భావించగా, డేవిడ్ కార్కీట్ 1979లో ప్రచురించిన పరిశీలనలో ఆ భేదాలు వాస్తవమేనని చూపాడు. 1885లో మసాచుసెట్స్‌లోని కాంకర్డ్ గ్రంథాలయం ఈ నవలను బహిష్కరించినప్పుడు వినిపించిన ఆక్షేపణల్లో భాష మొరటుతనం ఒకటి.

6. మాండలికం మోసిన అవమానం

ఈ పరిణామంలో చీకటి కోణాన్ని విస్మరించరాదు. నల్లవారి వేషం వేసుకొని తెల్లవారు ఆడిన మిన్‌స్ట్రెల్ ప్రదర్శనల కాలంలోనే ఈ హాస్యం పెరిగింది. నల్లజాతి పాత్రల మాటలకు దట్టమైన అక్షర దోషాలు పులిమి, వారి బుద్ధిని కించపరచడం ఆనాటి అలవాటు. ట్వేన్ 1874లో అట్లాంటిక్ మంత్లీలో ప్రచురించిన ‘ఎ ట్రూ స్టోరీ’లో ఒకప్పటి బానిస స్త్రీ తన బిడ్డలను వేలంలో కోల్పోయిన వైనాన్ని తన మాండలికంలో చెబుతుంది, అక్కడ నవ్వు ఆగిపోతుంది. నల్లజాతి రచయిత చార్లెస్ చెస్నట్ 1899 నాటి ‘ది కంజ్యూర్ వుమన్’ కథల్లో పాత చట్రాన్నే తీసుకొని, మాండలికం మాట్లాడే వృద్ధుడు జూలియస్‌ను చదువుకున్న తెల్ల యజమానికంటే లోతైనవాడిగా నిలిపాడు. షెల్లీ ఫిషర్ ఫిష్కిన్ 1993లో హక్ స్వరానికే ఒక నల్లజాతి బాలుని మాట మూలమని వాదించింది.

7. తెలుగు అనువాదానికి సూచన

నండూరి రామమోహనరావు అనువాదాల ద్వారా ట్వేన్ బాల పాత్రలు తెలుగు పాఠకులకు ఆత్మీయులయ్యాయి. ఇటువంటి రచనల అనువాదంలో రెండు చిక్కులున్నాయి. మొదటిది లిపికి సంబంధించినది. తెలుగు రాత చాలావరకు ఉచ్చారణను అనుసరిస్తుంది. ‘ఋషి’ని ‘రుషి’ అని రాయడం వంటి కొన్ని సందర్భాల్లో తప్ప, అక్షరం మారితే ధ్వనీ మారుతుంది. కనుక కంటి మాండలికానికి తెలుగులో చోటు తక్కువ. రెండవది సామాజికమైనది. జిమ్ మాటలకు ఒక తెలుగు ప్రాంతపు లేదా కులపు పలుకును అతికిస్తే, మూలంలోని అవమాన భారం ఆ జనంపై పడుతుంది. తెలంగాణ, ఉత్తరాంధ్ర మాండలికాలను చాలాకాలం హాస్య, ప్రతినాయక పాత్రలకు పరిమితం చేసిన తెలుగు సినిమా అనుభవం ఈ ప్రమాదాన్ని తెలియజేస్తుంది.

8. ముగింపు

పందొమ్మిదో శతాబ్దపు అమెరికన్ హాస్యంలో సామాన్యుని పలుకు మొదట కంచె లోపల నిలిచింది. తరువాత వంకర అక్షరాల వేషం వేసింది. చివరకు కథ చెప్పే హక్కును సాధించింది. అయితే ఆ హక్కు అందరికీ సమానంగా దక్కలేదు. మాండలిక రచనను పరిశీలించేవారు అందులో మాండలికం ఎంత ఉందని లెక్కించడంతో ఆగరాదు. ఆ పలుకు ఎవరి నోట ఉంది, ఎవరి చట్రంలో ఉంది, నవ్వు ఎవరిమీద పడుతున్నది అని అడగాలి. అలా అడిగినప్పుడే హాస్యంలోని భాషారాజకీయం బయటపడుతుంది.