కార్డు పెట్టెల, అప్పు మెడల

మన ఊర్లల్ల ఇంట్ల ఒక్కరికి గుండె జబ్బో, కిడ్నీ జబ్బో వస్తే సాలు, ఇల్లు గుల్లయితది. పుస్తెలతాడు కుదువకు పోతది, రెండు రూపాయల మిత్తికి అప్పు వస్తది, ఆఖరుకు ఉన్న అరెకరం కూడ అమ్ముడుపోతది. ఊర్లు తిరుగుతుంటే నేను ఎక్కువ చూసేది ఇదే. బాధేందంటే, ఇసొంటి చానా ఇండ్లల్ల సర్కారు బీమా అప్పటికే ఉన్నది. దాన్ని ఎట్ల వాడాల్నో ఎవ్వలూ చెప్పలే. ఫోన్ పట్టుకునే తమ్ముళ్లు, చెల్లెండ్లు ఇది తెల్సుకొని ఇంట్ల పెద్దోళ్లకు చెప్పాలె.

ముందుగాల ఆరోగ్యశ్రీ సంగతి. 2007ల ఉమ్మడి రాష్ట్రంల మొదలైంది. తెలంగాణల 2023 డిసెంబర్ నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల దాక పెంచిన్రు. రేషన్ కార్డు ఉన్నోళ్లు కిస్తు కట్టే పనిలేదు. ఊకెనే ఇస్తున్నరు అనుకోవద్దు. సబ్బు కాడికెళ్లి పెట్రోల్ దాక మనం కట్టే పన్నుల పైసలే అవి. ఇగ ఇంట్ల 70 ఏండ్లు దాటిన పెద్దోళ్లు ఉంటే, ఆదాయం ఎంతున్నా 5 లక్షల ఆయుష్మాన్ వయ వందన కార్డు వస్తది. కేంద్రం దాన్ని 2024 అక్టోబర్ల పెట్టింది.

తిప్పలంతా దవఖాన కౌంటర్ కాడ మొదలైతది. "అడ్వాన్స్ ఎంత కడ్తరు?" అని అడగంగనే మనోళ్లు భయపడి కట్టేస్తరు. కట్టకముందు మూడు పనులు చెయ్యాలె. ఒకటి, ఆ దవఖాన ఆరోగ్యశ్రీల ఉన్నదా అని 104కు ఫోన్ చేసి అడగాలె. రెండు, దవఖానల ఉండే ఆరోగ్యమిత్రకు రేషన్ కార్డు, ఆధార్ చూపియ్యాలె. మూడు, డాక్టర్ చెప్పిన ఆపరేషన్ జాబితాల ఉన్నదా, అనుమతి వచ్చిందా అని తెల్సుకోవాలె. ప్రాణం మీదికొస్తే ముందు చేర్పియ్యాలె, ఆ వెంటనే ఆరోగ్యమిత్రకు చెప్పాలె. చేతి పైసలు కట్టినంక బిల్లు తీస్కపోతే ఆరోగ్యశ్రీ వాపస్ ఇచ్చే పథకం కాదు. ఇగ మిగిలేది ముఖ్యమంత్రి సహాయ నిధి. అందుల ఎంత వస్తదో, ఎప్పుడు వస్తదో మన చేతుల లేదు.

ఇంకోటి. ఈ కార్డు పెద్ద జబ్బులకే. జరం, బీపీ, షుగర్ గోలీల ఖర్సు ఇందుల రాదు. నెలనెలా మన జేబుకు చిల్లు పెట్టేది గదే. వాటికి సర్కారు పీహెచ్‌సీకే పోవాలె. అక్కడ గోలీలు దొరకకపోతే జన ఔషధి దుకాణంల తక్కువ ధరకు వస్తయి.

పట్నంల కంపెనీలల్ల చేసే పిల్లలు ఈఎస్ఐ గురించి అడగాలె. జీతం 21,000 దాటనోళ్లకు ఇది వర్తిస్తది. 15,000 జీతమైతే మన వంతు 113 రూపాయలు, యజమాని వంతు 488. దీంట్ల ఓపీ, మందులు, ఇంటోళ్ల వైద్యం అన్నీ ఉంటయి. కాంట్రాక్టర్ జీతంల పట్టుకున్నడు గని ఈఎస్ఐ నంబర్ ఇయ్యలేదంటే, ఊకోవద్దు, నిలదీయాలె.

బ్యాంకుల ఏడాదికి 20 రూపాయలు కడితే సురక్ష బీమా ఉంటది. ప్రమాదంల ప్రాణం పోతే ఇంటోళ్లకు 2 లక్షలు ఇస్తరు. అది దవఖాన బిల్లుకు కాదు, యాది పెట్టుకోండ్రి.

ప్రైవేట్ పాలసీ సంగతి ఇవన్నీ చూసినంకనే. రేషన్ కార్డు లేనోళ్లకు అది అక్కరకొస్తది. 2025 సెప్టెంబర్ 22 నుంచి దాని మీద జీఎస్టీ కూడ లేదు. కని, ముందే ఉన్న జబ్బులకు మూడేండ్ల దాక ఆగమనొచ్చు. జబ్బు దాచి పాలసీ తీస్కుంటే, ఆపతికి పైసా రాదు.

ఇయ్యాలనే రేషన్ కార్డు తీసి చూడుండ్రి. కొత్త కోడలు పేరున్నదా? పుట్టిన పిల్లల పేర్లున్నయా? లేకుంటే మీసేవల దరఖాస్తు పెట్టుండ్రి.

మన పని మనం చేసినంక సర్కారును కూడ అడగాలె. బకాయిలు ఇయ్యలేదని ప్రైవేట్ దవఖానలు ఎన్నోసార్లు ఆరోగ్యశ్రీ బంద్ పెట్టినయి. 10 లక్షలని కార్డు మీద రాసి, దవఖానకు పైసలు ఇయ్యకుంటే, బాయి తవ్వి చేంతాడు దాచినట్టే. గ్రామసభల లేచి ఆ చేంతాడు ఏదని అడుగుండ్రి.