కడుపునొప్పికి ఎం.ఆర్.ఐ. ఎప్పుడు?

కొల్లేటి లంకల్లోనైనా, తాడేపల్లిగూడెం పక్క ఊళ్లలోనైనా కడుపునొప్పి అనగానే "గ్యాసే, తగ్గిపోతుందిలే" అంటాం. చాలాసార్లు అది నిజమే. కానీ బొడ్డు దగ్గర మొదలైన నొప్పి కొన్ని గంటల్లో కుడివైపు కిందికి దిగి, జ్వరం, వాంతులు తోడైతే అపెండిక్స్ వాచిందేమోనని అనుమానించాలి. పొట్ట ఉబ్బి, వాంతులవుతూ, విరేచనం గానీ గాలి గానీ పోకపోతే పేగు అడ్డుపడి ఉండవచ్చు. ఆలస్యమైతే అపెండిక్స్ పగిలి చీము పొట్టంతా పాకుతుంది. గర్భిణికైతే కడుపులో బిడ్డకూ ముప్పే.

ఆసుపత్రిలో డాక్టరు పొట్ట నొక్కి చూసి, రక్తపరీక్ష చేయించి, సాధారణంగా ముందు అల్ట్రాసౌండ్ రాస్తారు. అది చవక, రేడియేషన్ లేదు. అయితే పేగులో గాలి అడ్డొస్తే లోపలి సంగతి సరిగా కనబడదు. అప్పుడు పెద్దవారికి సి.టి. స్కాన్ తీస్తారు. పేగు అడ్డుపడినా, చిల్లుపడినా, రక్తం అందకపోయినా అది నిమిషాల్లో పట్టిస్తుంది. కాకపోతే అది ఎక్స్‌రే కిరణాలతో పనిచేస్తుంది.

గర్భిణికి ఆ కిరణాలు వీలైనంతవరకు తగలనివ్వరు. పైగా నెలలు గడిచేకొద్దీ గర్భసంచి పెరిగి అపెండిక్స్ పైకి జరగవచ్చు. నొప్పి చోటు మారుతుంది, అల్ట్రాసౌండ్‌కు దొరకడం కష్టమవుతుంది. ఎం.ఆర్.ఐ. అక్కరకొచ్చేది ఇక్కడే. అది అయస్కాంతంతో, రేడియో తరంగాలతో పనిచేస్తుంది. వాచినచోట చేరిన నీరు చిత్రంలో తెల్లగా మెరుస్తుంది. గర్భిణికి సాధారణంగా ఇంజక్షన్ మందు ఎక్కించకుండానే తీస్తారు. పిల్లలకూ, క్రోన్స్ వంటి పేగు జబ్బుతో పదే పదే స్కాన్ అవసరమయ్యే యువతకూ ఇది మేలు.

దీనికి సమయం ఎక్కువ పడుతుంది. పెద్ద చప్పుడు మధ్య కదలకుండా పడుకోవాలి. లోహపు తావీజు, స్కార్ఫ్ పిన్నులు, నగలు తీసేయాలి. పేస్‌మేకర్ ఉంటే ముందే చెప్పాలి. రోగి పరిస్థితి విషమిస్తుంటే మాత్రం ఎం.ఆర్.ఐ. కోసం ఆగకూడదు.

దాతలు గమనించవలసింది ఇదే. ఖరీదైన పరీక్షే మంచి పరీక్ష అనుకోవద్దు. స్కాన్‌కు సాయం కోరి ఎవరైనా వస్తే డాక్టరు చీటీలో ఏముందో చూడండి, ఆడవారైతే గర్భం సంగతి డాక్టరుకు చెప్పారో లేదో అడగండి. ఏలూరులో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది, ఆశ్రం ఆసుపత్రి కూడా ఉంది. రాత్రివేళ లంక నుంచి సర్జన్ ఉన్నచోటికి చేరడమే పేదవాడికి అన్నిటికంటే కష్టం. వెంటనే 108కి ఫోన్ చేయించండి. అది అందకపోతే బండి కిరాయి మీరే ఇవ్వండి. ఆ కొద్ది రూపాయలు వేళకు అందితే, తరువాత స్కాన్‌కిచ్చే వేల రూపాయలూ సార్థకమవుతాయి.