పంపు మార్చే ముందు ప్రెజరు చూడండి

రిగ్గై (కువైట్): "అన్నా, బండి ఊళ్లో బాగానే తిరుగుతోంది. హైవే ఎక్కి గట్టిగా తొక్కితే మాత్రం లాగట్లేదు." గ్యారేజీల్లో పనిచేసే మన మెకానిక్‌లకు ఈ మాట కొత్తేమీ కాదు.

ఫర్వానియా గవర్నరేట్‌లోని రిగ్గైకి అల్‌రాయ్ పక్కనే. షువైక్ పారిశ్రామికవాడ కూడా దూరమేమీ కాదు. రాజంపేట, రాయచోటి, గోదావరి జిల్లాల నుంచి వచ్చి ఇక్కడ బండ్ల పని చేసుకునేవారికి టర్బో బిగించిన నిస్సాన్ పాట్రోల్‌లు, ఖరీదైన స్పోర్ట్స్ కార్లు తగులుతూనే ఉంటాయి. బండి లాగట్లేదనగానే ముందు పెట్రోలు పంపు మార్చేస్తారు. నయం కాకపోతే ఫిల్టరు, ఆ తర్వాత ఇంజెక్టర్లు. బిల్లు పెరుగుతుంది, జబ్బు అలాగే ఉంటుంది. చివరికి పిస్టన్ కరిగిందంటే నింద పడేది ఆఖరున చెయ్యి పెట్టినవాడి మీదే. అందుకే ముందు గేజి పెట్టాలి, రెంచి తర్వాత.

లెక్క ఇదీ

మామూలు ఇంజెక్షన్ ఇంజిన్లలో పెట్రోలు ప్రెజరు సాధారణంగా 3 బార్ల చుట్టూ, అంటే సుమారు 43 పీఎస్ఐ ఉంటుంది. కొన్నిటిలో 4 బార్ల దాకా ఉంటుంది. అసలు అంకె ఆ బండి మాన్యువల్‌లోనే చూసుకోవాలి. టర్బో 1 బార్ గాలిని లోపలికి నెడితే, రెగ్యులేటరు కూడా పెట్రోలు ప్రెజరును 3 నుంచి 4కి పెంచాలి. పెంచకపోతే ఎదురుగాలి వల్ల ఇంజెక్టరు దగ్గర మిగిలేది 2 బార్లే. అప్పుడు పెట్రోలు దాదాపు 18 శాతం తగ్గుతుంది. గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ. లోపల వేడి పెరిగి నాకింగ్ మొదలవుతుంది. 98 ఆక్టేన్ అల్ట్రా పోయించినా ఆ లోటు తీరదు.

ఎప్పుడెప్పుడు చూడాలి?

కీ తిప్పగానే ప్రెజరు లేచి నిలవాలి. ఐడిల్‌లో వాక్యూమ్ గొట్టం తగిలించి ఉంటే సుమారు 2.5 బార్లు, గొట్టం తీస్తే 3 బార్లకు రావాలి. ఆ గొట్టంలో పెట్రోలు తడి కనిపిస్తే రెగ్యులేటరు లోపలి పొర చిరిగినట్టే. రెగ్యులేటరు ట్యాంకులోనే ఉండే బండ్లకు ఈ గొట్టం పరీక్ష పనికిరాదు.

ఇంజిన్ ఆపగానే ప్రెజరు జారిపోతుంటే పంపు చెక్ వాల్వునో, కారుతున్న ఇంజెక్టరునో, రెగ్యులేటరునో అనుమానించాలి.

అసలు పరీక్ష లోడు మీదే. ఐడిల్‌లో అన్నీ బాగానే కనిపిస్తాయి. డైనో మీదగానీ, అరిఫ్‌జాన్‌లోని కువైట్ మోటార్ టౌన్ లాంటి ట్రాక్ మీదగానీ గట్టిగా తొక్కినప్పుడు ముల్లు పడిపోతే పెట్రోలు అందట్లేదని అర్థం. అప్పుడు కూడా వెంటనే పంపు మీద పడొద్దు. లోడులో పంపు కనెక్టరు దగ్గర వోల్టేజి కొలవండి. బ్యాటరీ కంటే అర వోల్టుకు మించి తక్కువుంటే వైరు, రిలే, ఎర్త్ చూడండి. అవి బాగుంటే ఫిల్టరు. అదీ బాగుంటేనే పంపు. స్కానరులో పీ0171 వచ్చినంత మాత్రాన పంపు పోయినట్టు కాదు. గాలి లీకైనా అదే కోడ్ వస్తుంది.

ఎండ దెబ్బ

ఈ దేశంలో ఎండ సంగతి చెప్పనక్కర్లేదు. 2016 జులై 21న మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. ట్యాంకులోని పంపును చల్లబరిచేది పెట్రోలే. ఎప్పుడూ అడుగున నాలుగు చుక్కలతో నడిపితే పంపు వేడెక్కుతుంది. కాగిన పెట్రోల్లో బుడగలు లేచి ప్రెజరు ఊగిసలాడుతుంది. పొద్దున బాగుండి మధ్యాహ్నం మొరాయించే బండిలో ముందు ట్యాంకులో పెట్రోలు ఎంతుందో చూడాలి. వేసవిలో పావు ట్యాంకు కంటే తగ్గనివ్వకపోవడం మేలు. యజమాని కారు నడిపే ఇంటి డ్రైవర్లు ఇది గుర్తుంచుకోవాలి.

ప్రాణం ముందు

పని మొదలుపెట్టే ముందు పంపు ఫ్యూజు తీసి, ఇంజిన్ దానంతటదే ఆగేదాకా నడిపి ప్రెజరు దించాలి. పక్కన మంటలార్పే సిలిండరు ఉండాలి, సిగరెట్టు ఉండకూడదు. పెట్రోలు గొట్టంతో ఉన్న గేజిని కారు లోపలికి తీసుకోవద్దు. డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్లలో ప్రెజరు 150, 200 బార్లు, కొత్తవాటిలో 350 దాకా ఉంటుంది. అక్కడ పైపు విప్పి చూసే పనే వద్దు. ఆ ధార చర్మాన్ని చీల్చుకుపోతుంది. స్కానరుతోనే చదవాలి.

చివరగా ఒక మాట. కీ తిప్పినప్పుడు, ఐడిల్‌లో, లోడులో వచ్చిన అంకెలను ఫోనులో ఫొటో తీసి, బిల్లు మీద కూడా రాసిపెట్టండి. రేపు "నువ్వే పాడుచేశావు" అని ఎవరైనా అంటే, అరబ్బీ సరిగా రాని మనవాడి తరఫున ఆ అంకెలే మాట్లాడతాయి.