హైదరాబాద్ నుంచి జెద్దా ఎంత దూరం? ఉమ్రాకు వెళ్లేవాళ్లు టికెట్‌పై టైమ్ ఎలా చూసుకోవాలి?

ఉమ్రా టికెట్ చేతికి రాగానే ఇంట్లో మొదట వచ్చే ప్రశ్న ఒకటే: విమానంలో ఎన్ని గంటలు? తెల్లవారుజామున 4 గంటలకు శంషాబాద్‌లో బయలుదేరి ఉదయం 7:20కి జెద్దా చేరుతుందని టికెట్‌పై ఉందనుకుందాం. చూడగానే మూడు గంటల ఇరవై నిమిషాలే అనిపిస్తుంది. కానీ అది నిజం కాదు.

టికెట్‌పై ఏ ఊరి టైమ్ ఆ ఊరిదే వేస్తారు. సౌదీ టైమ్ మనకంటే రెండున్నర గంటలు వెనక. జెద్దాలో 7:20 అంటే మన దగ్గర 9:50. అంటే అసలు ప్రయాణం 5 గంటల 50 నిమిషాలు. తిరుగు ప్రయాణంలో లెక్క తారుమారు అవుతుంది. జెద్దాలో రాత్రి 9 గంటలకు ఎక్కి ఇక్కడ తెల్లవారుజామున 4:45కి దిగితే, టికెట్ చూసి 7:45 గంటలనుకుంటాం. నిజానికి అయ్యేది ఐదుంపావు గంటలే.

వెళ్లేటప్పుడు ఎక్కువ, వచ్చేటప్పుడు తక్కువ ఎందుకు?

శంషాబాద్ నుంచి జెద్దాకు నేరుగా గీత గీస్తే దాదాపు 4,130 కిలోమీటర్లు. పెద్ద జెట్ విమానం గంటకు 850 నుంచి 900 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంది. ఆ లెక్కన ఐదు గంటల లోపే చేరాలి. కానీ రన్‌వే దాకా వెళ్లడం, పైకి ఎక్కడం, కిందికి దిగడం, నిర్ణయించిన దారుల్లోనే ఎగరడం వల్ల టైమ్ పెరుగుతుంది. పైగా, ముఖ్యంగా చలికాలంలో, ఆ ఎత్తులో గాలి పడమర నుంచి తూర్పుకు బలంగా వీస్తుంది. వెళ్లేటప్పుడు అది ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనక నుంచి తోస్తుంది.

దుబాయ్ మీదుగా వెళ్తే దూరం పెరిగేది సుమారు 110 కిలోమీటర్లే. టైమ్ పెరిగేది అక్కడ ఆగే గంటల వల్లే.

మీఖాత్ ఎప్పుడు వస్తుంది?

ఉమ్రా వాళ్లకు ఈ లెక్క ఇక్కడే అవసరం. విమానం జెద్దాలో దిగకముందే, గాల్లోనే మీఖాత్ దాటుతుంది. చాలా విమానాలు తాయిఫ్ వైపు నుంచి వస్తాయి కాబట్టి దిగడానికి సుమారు అరగంట ముందే ఆ హద్దు వచ్చేస్తుంది. ఆ లోపే ఇహ్రామ్, నియ్యత్ అయిపోవాలి. టికెట్‌పై మూడు గంటలే కదా అనో, ఇంకా చాలా టైముందనో నిద్రపోతే మీఖాత్ దాటిపోవచ్చు. అప్పుడు వెనక్కి వెళ్లాలా, దమ్ ఇవ్వాలా అని ఆలిమ్‌ను అడగాల్సి వస్తుంది.

అందుకే చాలామంది మగవాళ్లు ఇంట్లోనో ఎయిర్‌పోర్టులోనో ఇహ్రామ్ కట్టుకుని, నియ్యత్ మీఖాత్ దగ్గరపడ్డాక చేస్తారు. విమానంలోనే కట్టుకుంటామంటే ఆ బట్టలు చేతి బ్యాగులో ఉండాలి. లగేజీలో వేసేస్తే జెద్దాలో దిగాకే దొరుకుతాయి. అమ్మీ, అబ్బా ఒంటరిగా వెళ్తుంటే, ఎన్ని గంటలకు సిద్ధంగా ఉండాలో మన టైమ్‌లోనే కాగితంపై రాసివ్వండి. పై ఉదాహరణలో అయితే 9 గంటలకల్లా.