వార్తల్లో పదం: బయో ఇటుక

నాందేడ్ జిల్లా సర్ఖని నుంచి ఇటు ఆదిలాబాద్ దాకా పత్తి చేలే. ఏరడం అయిపోయాక మిగిలిన పత్తి కట్టె కొంత పొయ్యిలోకి పోతుంది, మిగతాది చేలోనే కాలిపోతుంది. ఆ కట్టెతో గోడ కట్టొచ్చు. అదే బయో ఇటుక.

పత్తి కట్టె, వరిగడ్డి, చెరకు పిప్పి లాంటివాటిని సన్నగా తరిగి, సున్నం కలిపిన చిక్కటి ముద్దలో తడిపి, అచ్చుల్లో కూరి గట్టిగా కుదిస్తారు. బట్టీ అక్కర్లేదు. ఒకట్రెండు రోజులకు అచ్చు విప్పి గాలికి ఆరబెడితే నెలకు గట్టిపడుతుంది. బరువు అంతే సైజు కాల్చిన ఇటుకలో దాదాపు ఎనిమిదో వంతు. 2021 సెప్టెంబరులో ఐఐటీ హైదరాబాద్ తన కంది ప్రాంగణంలో వీటితో కట్టిన సెక్యూరిటీ గదిని ప్రారంభించింది. ఇవి కప్పు బరువు మోయలేవు. అందుకే అక్కడ ఇనుప చట్రం నిలబెట్టారు, వానకు తట్టుకునేలా గోడలకు సిమెంటు పూశారు.

పునాదుల్లో తవ్విన మట్టినీ పారబోయనక్కర్లేదు. కొద్దిగా సిమెంటు కలిపి యంత్రంతో నొక్కితే దిమ్మెలవుతాయి. బెంగళూరు ఐఐఎస్‌సీ 1970ల నుంచే ఈ పని చేస్తోంది. అయితే నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. ఇసుక, సున్నం కలపందే పనికిరాదు. పత్తి నేలల్లో ముందు కట్టెనే నమ్ముకోవాలి. దాన్ని కోసి, తరిగి, ఒకచోట చేర్చే కూలి గిట్టుబాటు కావాలి.