గగనమున నామకరణము: గ్రహశకలముల పేర్లు, వాటి అర్థములు

పారశీక సింధుశాఖ తీరమున ఉమ్ అల్ క్వైన్ అను చిన్న రాజ్యము కలదు. సంయుక్త అరబ్ ఎమిరేట్లు అని పిలువబడు ఏడు రాజ్యముల కూటమిలో జనసంఖ్యచేత మిక్కిలి చిన్నది ఇదియే. ఆ పేరునకు ‘రెండు బలముల తల్లి’ అని అర్థము చెప్పుదురు. అచ్చట ఎద్ దూర్ అను ప్రదేశమున, ఇసుక మేటల క్రింద, సుమారు రెండువేల ఏండ్ల నాటి చిన్న దేవాలయ మొకటి బయల్పడినది. 1980వ దశకమున బెల్జియము దేశపు పురాతత్త్వజ్ఞులు దానిని త్రవ్వి తీసిరి. అందు దొరికిన రాతితొట్టిపై అరామిక్ లిపిలో చెక్కిన వ్రాత కలదు. అది చాలవరకు అరిగిపోయినది. స్పష్టముగా చదువ వీలైన మాట ‘షమ్స్’, అనగా సూర్యుడు. గుడి కట్టించినవారి పేరు మనకు దక్కలేదు. పూజలందుకొన్న జ్యోతి పేరు మాత్రము రాతిమీద నిలిచినది.

ఆ ఏడు రాజ్యముల కూటమియే నేడు ఆకాశమునకు మరియొక ప్రయాణము తలపెట్టినది. 2028వ సంవత్సరమున ఒక వ్యోమనౌకను పంపి, కుజ గురు గ్రహముల నడుమ తిరుగు గ్రహశకలములలో ఏడింటిని దర్శింపవలెనని వారి సంకల్పము. రాజ్యములు ఏడు, శకలములును ఏడు. ఈ పొందిక యాదృచ్ఛికమో కాదో గాని వినుటకు బాగుగనే యున్నది. ఈ ఏడింటిలో నాలుగింటికి మొదటినుండియు పేర్లు కలవు: వెస్టర్‌వాల్డ్, కిమీరా, రాకాక్స్, జస్టీషియా. యాత్రావివరములు ప్రకటించిన 2023 నాటికి తక్కిన మూడింటికి పేర్లు లేవు, సంఖ్యలు మాత్రమే కలవు. ఒకదానికి పేరేల? మరియొకదానికి లేకపోనేల? ఆ పేర్లు పెట్టువారెవరు? ఈ ప్రశ్నలకు సమాధానము వెదకిన కొలది అందు మన సీతమ్మవారి పేరును, మన దీవి పేరును పోలిన పేరును కూడ ఎదురగుచున్నవి. అందుచేతనే ఈ వ్యాసము.

మొట్టమొదటి శకలమును 1801 జనవరి 1వ తేదీ రాత్రి సిసిలీ దీవిలోని పాలెర్మో వేధశాలనుండి పియాజీ అను మతగురువు కనుగొనెను. ఆయన దానికి ‘సెరెస్ ఫెర్డినాండియా’ అని నామకరణము చేసెను. సెరెస్ రోమనుల ధాన్యదేవత. మన ధాన్యలక్ష్మి వంటిది. ఫెర్డినాండు ఆ దీవి నేలుచున్న రాజు. దేవత పేరును లోకమెల్ల అంగీకరించినది గాని, రాజుగారి పేరును ఇతర దేశముల పండితులు అంగీకరింపలేదు. సెరెస్ మాత్రమే మిగిలినది. 2006 నుండి దానిని మరుగుజ్జు గ్రహముగా లెక్కించుచున్నారు. 1850లో లండనునందు హిండ్ అను జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు పండ్రెండవ శకలమును కని, విక్టోరియా అని పేరు పెట్టెను. అది రోమనుల విజయదేవత పేరే యని ఆయన వాదము. కాని అప్పుడు సింహాసనమున నున్న రాణి పేరు ఏమో ఎల్లరకు తెలిసినదే గదా! అమెరికా పండితులు కొందరు ఇందుకు ఒప్పుకొనక కొంతకాలము దానిని క్లయో అని వ్యవహరించిరి. తుదకు విక్టోరియాయే స్థిరపడినది. ఆకాశమున రాజుల పేర్లు వ్రాయుట పట్ల ఆదినుండియు ఇట్టి జంకు కలదు.

ఇక ఈ చరిత్రలో నాకు మిక్కిలి ప్రీతికరమైన ఘట్టమునకు వచ్చుచున్నాను. ఆస్ట్రియా దేశపు రాజధాని వియన్నాలో యోహాన్ పాలిసా అను జ్యోతిశ్శాస్త్రజ్ఞు డుండెను. ఛాయాచిత్రముల సాయము లేకుండ, కేవలము దూరదర్శినిలో కన్నుపెట్టి చూచి, నూటికి పైగా శకలములను కనుగొన్న మహానుభావుడు. 1886 ఆగస్టు 29న సంపూర్ణ సూర్యగ్రహణము రానుండెను. దానిని చూచుటకు దూరప్రయాణము చేయవలెను. చేతిలో ధనము లేదు. అంతట ఆయన ఒక ఉపాయము పన్నెను. తాను కనుగొన్న 244వ శకలమునకు పేరు పెట్టు హక్కును 50 పౌండ్లకు విక్రయింతునని 1885లో ఒక ఆంగ్ల ఖగోళ పత్రికయందు ప్రకటన వెలువడినది. ఈ ధనసహాయము చేసినవాడు రోత్‌షీల్డ్ వంశీయుడైన ఒక కోటీశ్వరుడు. ఆయన భార్య పేరు బెట్టీనా. ఆమె పేరు పెట్టబడినది 244వ దానికి కాదు, ఆ తరువాత 1885 సెప్టెంబరులో కనుగొన్న 250వ దానికి.

మరి అంగడికెక్కిన ఆ 244వ శకలము మాటేమి? దానికి సీత అని పేరు వచ్చినది. రామాయణమందలి జానకీదేవియే ఆ సీత. 1884 అక్టోబరు 14వ తేదీ రాత్రి వియన్నాలో కనబడిన ఆ చిన్న శిలాఖండము నేటికిని ‘244 సీత’ యను పేరుతో సూర్యుని చుట్టు ప్రదక్షిణము చేయుచున్నది. పాలిసా దొరకు రామాయణ పరిచయ మెట్లు కలిగినదో గాని, యాబది పౌండ్లకు వెలకట్టిన చోట చివరకు వెలలేని పేరు నిలిచినది.

సీత తరువాత మూడేండ్లకు, 1887 సెప్టెంబరు 21న, ఆ పాలిసాయే 269వ శకలమును కనుగొనెను. దానికి రోమనుల న్యాయదేవత పేరు మీదుగా జస్టీషియా అని పేరు. అరబ్బుల నౌక తుదకు చేరవలసినది ఈ జస్టీషియా కడకే. తక్కిన ఆరింటిని దారిలో చూచుకొనుచు పోయి, 2034లో దీనిని సమీపించి, పిదప ఒక చిన్న యంత్రమును దానిపై దింపవలెనని యోచన. దీనినే ఎన్నుకొనుటకు హేతువు దాని రంగు. కుజ గురుల నడుమ తిరుగు శకలములలో ఇంతటి ఎరుపు మిక్కిలి అరుదు. ఇట్టి ఎరుపు నెప్ట్యూనుకు ఆవల నుండు మంచుపిండములందు కానవచ్చును. కనుక ఇది అంతదూరమున పుట్టి ఇటు వలస వచ్చినదేమో అని 2021లో శాస్త్రజ్ఞులు తలచిరి. పుట్టినచోటు ఒకటి, బ్రతుకుచున్న చోటు మరియొకటి. మన దీవివారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

తక్కిన మూడు పేర్లను గూర్చి రెండు మాటలు. వెస్టర్‌వాల్డ్ జర్మనీలోని ఒక కొండసీమ. రాకాక్స్ నాలుగు వందల ఏండ్ల క్రిందట ఆంట్‌వెర్ప్ పట్టణపు మేయరు, చిత్రకారుడు రూబెన్సుకు పోషకుడు. కిమీరా గ్రీకు పురాణములలోని మృగము: సింహముఖము, మేకదేహము, పాముతోక. మన దేవాలయ స్తంభములపై యాళిని చూచి పెరిగినవారికి అది వింతగా తోచదు.

నేడు ఈ నామకరణము అంతర్జాతీయ ఖగోళ సంఘమువారి ఉపసంఘము అధీనమున జరుగుచున్నది. క్రొత్త శకలము కనబడినంతనే పేరు రాదు. మొదట తాత్కాలికమైన గుర్తు ఇత్తురు. పెక్కు పర్యాయములు చూచి, దాని కక్ష్య నిశ్చయమైన పిమ్మట శాశ్వతమైన సంఖ్య ఇత్తురు. అటుపిమ్మటనే పేరు. సూచించు హక్కు పది సంవత్సరముల వరకు కనుగొన్నవారిది. పేరు రోమను లిపిలో పదునారు అక్షరములకు మించరాదు. ఒకే పదమైన మేలు. నోరు తిరుగునదై యుండవలెను. ఇంతకుముందున్న పేరును మిక్కిలి పోలియుండరాదు. ఎవరి మనస్సును నొప్పింపరాదు. రాజకీయ నాయకులకు, సేనానులకు మరణించి నూరేండ్లు గడచినగాని ఆ గౌరవము లేదు. ఫెర్డినాండు రాజు నాటి జంకే ఇప్పుడు నియమమైనది. పెంపుడు జంతువుల పేర్లు కూడదని కూడ అందురు. 1971లో కనుగొన్న ఒక శకలమునకు ఒకాయన తన పిల్లి పేరు పెట్టుటయే ఇందుకు కారణము! ప్రతి పేరుతోను దాని అర్థమును తెలుపు నాలుగు మాటలు జతపరుపవలెను. ఆ మాటలు లేని పేరును గ్రహింపరు. పాలిసా కాలమువలె హక్కును అమ్ముటయు ఇప్పుడు లేదు. సొమ్ము పుచ్చుకొని, “ఈ నక్షత్రమునకు మీ బిడ్డ పేరు పెట్టితిమి” అని అచ్చుపత్రము చేతికిచ్చు వర్తకులు కొందరు కలరు. ఆ పత్రమును గోడకు తగిలించుకొనవచ్చును గాని, ఖగోళ సంఘమువారి లెక్కలో దానికి స్థానము లేదు.

ఎనిమిది లక్షలకు పైగా శకలములకు సంఖ్యలు కలవు. పేర్లు గలవి ఇరువదియైదు వేల పైచిలుకు మాత్రమే. ముందు సంఖ్య, పిదప పేరు. ఒక్కొక్కప్పుడు సంఖ్యయే శాశ్వతము. ఇది చదువుచుండగా మన పెద్దల సంగతి తలపునకు రాక మానదు. కోరంగి రేవునుండి ఓడలెక్కి వచ్చినవారిని ఇచ్చట కోరంగివారనిరి. అది వారి పేరు కాదు, వారు విడిచివచ్చిన రేవు పేరు. పోర్ట్ లూయీలోని ఆప్రవాసీ ఘాట్ వద్ద దిగిన ప్రతి కూలికిని ఒక సంఖ్య ఇచ్చిరి. పేరును మాత్రము గుమాస్తాకు వినబడినట్లు వ్రాసిరి. నేడు మహాత్మా గాంధీ సంస్థలోని దస్తావేజులలో ముత్తాతను వెదకబోవు మనుమలకు పెక్కుమార్లు పేరు కన్న ఆ సంఖ్యయే దారి చూపుచున్నది.

ఇక మన పేర్లు. శివ 1170వ శకలము. 1930లో బెల్జియమునందు కనబడినది. గరుడ 2307, గణేశ 2415, రుద్ర 2629. విష్ణువు పేరుగల 4034వది భూకక్ష్యను దాటి పోవు జాతికి చెందినది. వీటికి పేర్లు పెట్టినవారు మనవారు కారు, దూరదేశముల వేధశాలలవారు. అయితే పేరు చూచి భ్రమపడరాదు. ‘కామ’ అను 1387వది మన్మథుడు కాదు, రష్యాలోని ఒక నది. ‘కాళి’ అని వినబడు 4227వది మహాకాళి కాదు. ఎస్టోనియా దేశమున ఉల్కపాతము వలన ఏర్పడిన గుంటలకు ఆ పేరు. మరి 745వ శకలమైన ‘మారీషియా’? మన దీవి పేరేయని సంబరపడితిమా, ఆశాభంగమే! అది క్రైస్తవుల మారిస్ అను పుణ్యపురుషుని పేర వెలసినది. మన మారిషస్సుకు పేరిచ్చినవాడు వేరు. అతడు డచ్చివారి రాకుమారుడు మారిస్; 1598లో వారు ఈ పేరు పెట్టిరి. అర్థము తెలుపు నాలుగు మాటలు జతపరుపవలెనను నియమ మెంత మంచిదో దీనివలన తెలియగలదు.

భారతదేశమునుండి కనుగొన్నవియు కలవు. మద్రాసు వేధశాలయందు పాగ్సన్ దొర 1861 ఏప్రిల్ 17న కనుగొన్న 67వ దానికి ఆసియా అని పేరు. ఈ ఖండమునుండి కనుగొన్న మొదటిది అదియే. ఆయనయే అచ్చట కనుగొన్న సిల్వియాకు రెండు ఉపగ్రహము లున్నవని మన కాలమున తేలినది. 1885లో పాగ్సన్ కన్న వేరా తరువాత నూరేండ్లకు పైగా ఆ దేశమున మరియొకటి దొరకలేదు. 1988 ఫిబ్రవరి 17న కావలూరు వేధశాలలో రాజమోహన్‌గారు, ‘కల్కి’ అని పేరిడిన అన్వేషణలో, 4130వ దానిని పట్టుకొనిరి. గణితవేత్త రామానుజన్ పేరు దానికి పెట్టిరి.

ఆ కావలూరు వేధశాల వేణు బప్పుగారి కృషిఫలము. ఆయన 1927లో మద్రాసున జన్మించిన మలయాళీ. పెరిగినదియు చదివినదియు హైదరాబాదున. తండ్రి అచ్చటి నిజామియా వేధశాలలో ఉద్యోగి. దూరదర్శినుల నడుమనే ఆ బాలుని చదువు సాగినది. 1949లో అమెరికాలో విద్యార్థిగా నుండగానే ఆయన ఒక తోకచుక్కను కనుగొనెను. దానికి ఆయన పేరును, మరి ఇద్దరి పేర్లును పెట్టిరి. 1979లో, నామకరణములపై అధికారము గల ఆ అంతర్జాతీయ ఖగోళ సంఘమునకే అధ్యక్షుడుగా ఎన్నికైన మొదటి భారతీయుడు ఆయన. ఆ పదవిలో నుండగానే 1982లో కాలధర్మము నొందెను. 2596వ శకలము వేణు బప్పు పేరు మోయుచున్నది.

ఇక 2023 నాటికి పేరులేకుండిన ఆ మూడు: 23871, 59980, 88055. వాటి తాత్కాలికపు గుర్తులు 1998 ఆర్‌సీ76, 1999 ఎస్‌జీ6, 2000 వీఏ28. చూచుటకు అర్థములేని అక్షరములవలె నుండును గాని, అవియు ఒక విధమైన జాతకచక్రమే. ఏడాది తరువాతి మొదటి అక్షరము పక్షమును తెలుపును: ‘ఆర్’ సెప్టెంబరు మొదటి సగము, ‘ఎస్’ రెండవ సగము, ‘వీ’ నవంబరు మొదటి సగము. తరువాతి అక్షరమును అంకెయు ఆ పక్షమున అది ఎన్నవదో తెలుపును. ఇరువదియైదు అక్షరములు ముగిసిన ప్రతి ఆవృత్తికి అంకె ఒకటి పెరుగును. ఆ లెక్కన 2000 వీఏ28 ఆ పక్షమున 701వది; 1999 ఎస్‌జీ6 157వది; 1998 ఆర్‌సీ76 1903వది. ఒక్క పక్షములో అన్ని వందలు, అన్ని వేలు కనబడుచుండగా పేర్లు పెట్టుటకు తీరిక యెవరికి?

ఈ మూడును లక్షకు లోపలి సంఖ్యలు. అనగా 2005వ సంవత్సరము ముగియక మునుపే సంఖ్యలు పొందినవి. కనుగొన్నవారికిచ్చిన పదేండ్ల గడువు ఎన్నడో తీరినది. గడువు తీరిన పిదప ఇతరులు సూచించు పేర్లను కూడ ఉపసంఘము విచారింపవచ్చును.  అనుకొన్నట్లు జరిగినచో, నౌక 2032లో రెండింటి ప్రక్కగాను, 2033లో మూడవదాని ప్రక్కగాను సాగిపోయి, ఆ మరుసటి సంవత్సరము పాలిసా కనుగొన్న ఆ ఎర్రని శకలమును చేరును.