తెర నల్లబడితే బెంబేలెత్తొద్దు!

* లినక్స్‌ తొలిసారి ఎక్కించేటప్పుడు తరచూ ఎదురయ్యే ఆటంకమిది
* యంత్రం పాడైనట్లు కాదు... దశను గుర్తిస్తే దారి సులువే
* తొందరపడి ఫార్మాట్‌ చేస్తేనే అసలు నష్టం

పాత కంప్యూటరులో కొత్త ఆపరేటింగ్‌ సిస్టమ్‌ను తొలిసారి ఎక్కించే వారిని అన్నిటికన్నా ఎక్కువగా భయపెట్టేది నల్లటి తెర. పెన్‌డ్రైవ్‌ పెట్టి, మీట నొక్కి, ఎంపికల పట్టిక కనిపించే దాకా అంతా సజావుగానే సాగుతుంది. మరుక్షణం తెరపై అక్షరం ఉండదు, బొమ్మ ఉండదు. లోపల ఫ్యాను మాత్రం తిరుగుతూనే ఉంటుంది. యంత్రం పాడైందేమోనన్న కంగారుతో కొందరు ప్లగ్గు పీకేస్తారు. మరికొందరు మరమ్మతుల దుకాణానికి మోసుకెళ్లి, ‘ఫార్మాట్‌ చేయాల్సిందే’ అన్న మాటకు తలూపుతారు. ఏళ్ల తరబడి దాచుకున్న పెళ్లి ఫొటోలు, పిల్లల ప్రాజెక్టులు, పాసుపుస్తకాల ప్రతులు అలా చేజేతులా పోగొట్టుకుంటారు. నిజానికి ఈ చిక్కు చాలా సందర్భాల్లో ఒక్క పదం టైపు చేస్తే తొలగిపోయేదే.

ఎందుకీ అవసరం?

విండోస్‌ 10కు సాధారణ మద్దతును మైక్రోసాఫ్ట్‌ సంస్థ 2025 అక్టోబరు 14తో ముగించింది. విండోస్‌ 11 వేసుకోవాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. ఇంటెల్‌ ప్రాసెసర్లలో దాదాపుగా ఎనిమిదో తరం, ఆ తర్వాతివే అందుకు అర్హమైనవి. దీంతో చక్కగా పనిచేస్తున్న యంత్రాలు సైతం భద్రతా సవరణలకు దూరమయ్యాయి. వాటిని మూలన పడేయలేని వారికి కనిపిస్తున్న దారుల్లో లినక్స్‌ ఒకటి. ఫిన్లాండ్‌కు చెందిన లినస్‌ టోర్వాల్డ్స్‌ విద్యార్థిగా ఉండగా 1991లో దీనికి శ్రీకారం చుట్టారు. దానిపై ఆధారపడి రూపొందిన ఉబుంటు, లినక్స్‌ మింట్‌ వంటివి ఉచితంగా లభిస్తాయి. మింట్‌కు కనీసం 2 జీబీ ర్యామ్‌ ఉండాలి. ఇబ్బంది లేకుండా నడవాలంటే 4 జీబీ అవసరం. ప్రాసెసర్‌ 64 బిట్‌ రకానిదై ఉండాలి.

అసలేం జరుగుతుంది?

మీట నొక్కగానే తెరపై కనిపించే కంపెనీ గుర్తును మదర్‌బోర్డులోని మూల సాఫ్ట్‌వేరే చూపిస్తుంది. ఆ తర్వాత వచ్చే ఎంపికల పట్టికను ‘గ్రబ్‌’ అంటారు. అది కూడా సాదాసీదా పద్ధతిలోనే కనిపిస్తుంది. అక్కడి నుంచి పగ్గాలు లినక్స్‌ కెర్నెల్‌ చేతికి వస్తాయి. గ్రాఫిక్స్‌ చిప్‌ ఏ రకమో గుర్తించి, దానికి తగిన డ్రైవర్‌ను తెచ్చి, తెర కొలతలను కొత్తగా నిర్ణయించడం కెర్నెల్‌ పని. ఈ చేతులు మారే ఘడియలోనే తేడా వస్తుంది. డ్రైవర్‌కు ఆ చిప్‌తో పొసగకపోయినా, మానిటర్‌ సామర్థ్యాన్ని తప్పుగా అంచనా వేసినా బొమ్మ ఆగిపోతుంది.

ఇంటెల్‌, ఏఎండీ చిప్‌ల డ్రైవర్లు కెర్నెల్‌తో పాటే వస్తాయి కాబట్టి వాటితో పేచీ తక్కువ. ఎన్‌విడియా కార్డులతోనే చిక్కు ఎక్కువ. వాటికి తొలుత ‘నూవో’ అనే స్వేచ్ఛా డ్రైవర్‌ పనిచేస్తుంది. కంపెనీ లోగుట్టు తెలియకుండానే స్వచ్ఛంద నిపుణులు కార్డుల పనితీరును పరిశీలించి రూపొందించినది కావడంతో అన్ని కార్డులతోనూ అది ఒకే తీరుగా నడవదు. ఇంటెల్‌, ఎన్‌విడియా చిప్‌లు రెండూ ఉన్న ల్యాప్‌టాప్‌లలో ఈ ఇబ్బంది మరింత కనిపిస్తుంది.

ముందు చిన్నవి చూడాలి

సాఫ్ట్‌వేర్‌ జోలికి వెళ్లేముందు కొన్నింటిని సరిచూసుకోవాలి. మానిటర్‌ వేరే ఇన్‌పుట్‌కు మారి ఉందేమో, తీగ వదులైందేమో గమనించాలి. విడిగా గ్రాఫిక్స్‌ కార్డు ఉన్న డెస్క్‌టాప్‌లో తీగను మదర్‌బోర్డు రంధ్రానికి కాక కార్డు రంధ్రానికి తగిలించాలి. ల్యాప్‌టాప్‌లో తెర వెలుతురు పూర్తిగా తగ్గిపోయిందేమో పెంచి చూడాలి. పాత పెన్‌డ్రైవ్‌ నుంచి లోడు కావడానికి కొన్ని నిమిషాలు పట్టవచ్చు. అయిదు నిమిషాలైనా ఆగడం మేలు.

తర్వాత కీబోర్డుపై క్యాప్స్‌లాక్‌ నొక్కాలి. దీపం వెలిగి ఆరుతుంటే లోపల వ్యవస్థ సజీవంగా ఉన్నట్లే. ఆగింది బొమ్మ మాత్రమేనని భావించవచ్చు. దీపం కదలకపోతే యంత్రం స్తంభించి ఉండవచ్చు. పవర్‌ మీటను పది సెకన్ల పాటు నొక్కి ఆపి, మళ్లీ మొదలుపెట్టాలి.

డిస్కుకు ముప్పు ఎప్పుడు?

అందరూ గుర్తుంచుకోవాల్సిన కీలకాంశమిది. లినక్స్‌ మొదట పెన్‌డ్రైవ్‌ నుంచే నడుస్తుంది. ‘ఇన్‌స్టాల్‌’ ఎంచుకుని, డిస్కు విభజనకు అంగీకారం తెలిపేంత వరకూ హార్డ్‌డిస్క్‌లోని సమాచారాన్ని అది చెరపదు. ఆ లోపు తెర నల్లబడితే నిస్సంకోచంగా యంత్రాన్ని ఆపేయవచ్చు. పెన్‌డ్రైవ్‌ తీసేస్తే పాత విండోస్‌ యథావిధిగా తెరుచుకుంటుంది.

ఫైళ్లు డిస్కులోకి ఎక్కుతున్న దశలో తెర ఆరిపోతే మాత్రం ఆపకూడదు. అది విద్యుత్తు ఆదా కోసం నిద్రలోకి జారిన తెర కావచ్చు. మౌస్‌ కదిపి, డిస్కు దీపం మిణుకుతోందేమో చూస్తూ కొంతసేపు వేచి ఉండాలి.

దశను బట్టి మందు

గ్రబ్‌ పట్టికే రాకపోతే: లోపం పెన్‌డ్రైవ్‌దే కావచ్చు. దిగుమతి చేసుకున్న ఐఎస్‌ఓ ఫైలును మామూలుగా కాపీ చేస్తే సరిపోదు. రూఫస్‌, బలేనా ఎచర్‌ వంటి పరికరాలతోనే పెన్‌డ్రైవ్‌పై రాయాలి. దిగుమతి మధ్యలో తెగిపోయి ఫైలు అసంపూర్ణంగా ఉండే అవకాశమూ ఉంది. అధికారిక పుటలో ఇచ్చిన షా-256 సంఖ్యతో సరిపోల్చుకుంటే ఆ సంగతి తేలిపోతుంది. మరో యూఎస్‌బీ రంధ్రంలో పెట్టి చూడటమూ మంచిదే.

పట్టిక వచ్చాక నల్లబడితే: ఇది గ్రాఫిక్స్‌ తగాదా. ఉబుంటు పట్టికలో ‘సేఫ్‌ గ్రాఫిక్స్‌’, మింట్‌లో ‘కంపాటిబిలిటీ మోడ్‌’ అనే ఎంపికలు ఇందుకే ఉన్నాయి. అవి కనిపించకపోతే చేత్తో మార్చుకోవాలి. పట్టికలో మొదటి వరుసపై నిలిచి, కీబోర్డుపై ‘ఇ’ ఆంగ్లాక్షరం నొక్కితే కొన్ని ఆదేశాలు కనిపిస్తాయి. వాటిలో ‘లినక్స్‌’ అనే పదంతో మొదలయ్యే వరుస చివర ‘క్వైట్‌ స్ప్లాష్‌’ అని ఉంటుంది. ఆ రెండు పదాలు చెరిపి, అక్కడ ‘నోమోడ్‌సెట్‌’ అని టైపు చేయాలి. నో, మోడ్‌, సెట్‌ అనే మూడు ఆంగ్ల పదాలను చిన్న అక్షరాల్లో, నడుమ ఖాళీ లేకుండా కలిపి రాయాలి. ఆపై ఎఫ్‌10 నొక్కాలి.

చిప్‌ డ్రైవర్‌ జోలికి పోకుండా, మొదటి నుంచీ ఉన్న సాదా పద్ధతిలోనే బొమ్మ చూపించాలని కెర్నెల్‌కు చెప్పడమే ఈ పదం అర్థం. ఈ మార్పు ఆ ఒక్కసారికే వర్తిస్తుంది. తప్పు టైపు చేసినా కంగారు అక్కర్లేదు. యంత్రాన్ని మళ్లీ ప్రారంభిస్తే పాత వరుసే వస్తుంది. ‘క్వైట్‌ స్ప్లాష్‌’ తీసేయడం వల్ల మరో ప్రయోజనమూ ఉంది. లోపల జరుగుతున్న పని అక్షరాల రూపంలో తెరపై పరుగులు తీస్తుంది. అది ఎక్కడైనా ఆగిపోతే ఆ చివరి వరుసను సెల్‌ఫోన్‌తో ఫొటో తీసుకోవాలి. తెలిసిన వారిని అడిగేటప్పుడు ‘ఏమీ రావడం లేదు’ అన్న మాటకన్నా ఆ ఫొటో ఎన్నోరెట్లు ఉపయోగపడుతుంది.

ఎక్కించిన తర్వాత నల్లబడితే: పెన్‌డ్రైవ్‌లో చేసిన మార్పు కొత్త వ్యవస్థకు చేరకపోవచ్చు. అప్పుడు యంత్రం తెరుచుకుంటుండగా ఎస్కేప్‌ కీని ఒకసారి నొక్కాలి. పాత బయాస్‌ యంత్రాల్లోనైతే షిఫ్ట్‌ కీని నొక్కి పట్టాలి. గ్రబ్‌ పట్టిక వచ్చాక పైన చెప్పిన పనినే మళ్లీ చేయాలి. ‘అడ్వాన్స్‌డ్‌ ఆప్షన్స్‌’లోని ‘రికవరీ మోడ్‌’ ద్వారా కూడా లోపలికి వెళ్లవచ్చు.

పాస్‌వర్డ్‌ ఇచ్చాక నల్లబడితే: కంట్రోల్‌, ఆల్ట్‌, ఎఫ్‌3 కీలను కలిపి నొక్కాలి. అక్షరాల తెర వచ్చి పేరు అడిగితే వ్యవస్థ క్షేమంగా ఉన్నట్లే. అక్కడి నుంచే మరమ్మతు చేసుకునే వీలుంది.

శాశ్వత పరిష్కారం

నోమోడ్‌సెట్‌ చేతికర్ర వంటిదే తప్ప చికిత్స కాదు. దాన్ని అలాగే ఉంచేస్తే తెర కొలతలు సరిగా కుదరవు, వెలుతురు తగ్గించే కీలు పనిచేయకపోవచ్చు, వీడియోలు తడబడతాయి. కాబట్టి లోపలికి వెళ్లగానే ఇంటర్నెట్‌కు అనుసంధానించి, తాజా సవరణలన్నీ వేసుకోవాలి. ఎన్‌విడియా కార్డు ఉంటే ఉబుంటులో ‘అడిషనల్‌ డ్రైవర్స్‌’, మింట్‌లో ‘డ్రైవర్‌ మేనేజర్‌’ తెరిచి, ‘రికమెండెడ్‌’ అని చూపిన డ్రైవర్‌ను ఎంచుకుని యంత్రాన్ని మళ్లీ ప్రారంభించాలి.

ఇక్కడే చాలామంది రెండోసారి తడబడతారు. సెక్యూర్‌ బూట్‌ అమల్లో ఉన్న యంత్రాల్లో డ్రైవర్‌ వేసేటప్పుడు ఒక పాస్‌వర్డ్‌ పెట్టమని అడుగుతుంది. తర్వాత యంత్రం తెరుచుకునేటప్పుడు నీలిరంగు తెర వస్తుంది. అందులో ‘ఎన్‌రోల్‌ మోక్‌’ ఎంచుకుని అదే పాస్‌వర్డ్‌ ఇవ్వాలి. అదేమిటో తెలియక దాటేస్తే కొత్త డ్రైవర్‌ పనిచేయదు, తెర మళ్లీ మొరాయించవచ్చు.

ముందుజాగ్రత్తలే రక్ష

* ముఖ్యమైన ఫైళ్లను వేరే డిస్కులోకి కాపీ చేసుకున్నాకే పని మొదలుపెట్టాలి. ఆ కాపీ తెరుచుకుంటోందో లేదో ఒకసారి చూడాలి.

* ‘ట్రై’ పద్ధతిలో పెన్‌డ్రైవ్‌ నుంచే నడిపి తెర, ధ్వని, వైఫై, ప్రింటరు పరీక్షించుకోవాలి. సంతృప్తి చెందాకే ఎక్కించాలి.

* ‘ఎరేజ్‌ డిస్క్‌’ అన్న ఎంపిక డిస్కునంతా తుడిచేస్తుంది. చదవకుండా ముందుకు నొక్కరాదు.

* విండోస్‌ను కూడా ఉంచుకోవాలనుకునే వారు 48 అంకెల బిట్‌లాకర్‌ రికవరీ కీని ముందే కాగితంపై రాసుకోవాలి. సెక్యూర్‌ బూట్‌ అమరికలు మారిస్తే విండోస్‌ దాన్ని అడగవచ్చు. అప్పుడది లేకపోతే సొంత ఫైళ్లే చేతికి అందవు.

* డీటీపీ కేంద్రాల వారు మరింత ఆలోచించాలి. తెలుగు ముద్రణలో వాడుకలో ఉన్న పేజ్‌మేకర్‌, అను లిపులు విండోస్‌ కోసం రూపొందినవి. యూనికోడ్‌ తెలుగు టైపింగ్‌కు లినక్స్‌లో ఇబ్బంది లేకున్నా, పాత పనుల కోసం ఒక విండోస్‌ యంత్రాన్ని ఇంటర్నెట్‌కు దూరంగా ఉంచుకోవడం మంచిది.

ఇవన్నీ చేసినా తెర వెలగకపోతే యంత్రంలోనే లోపం ఉండవచ్చు. పెన్‌డ్రైవ్‌ లేకుండా విండోస్‌ తెరిచినా నల్లగానే ఉంటే ర్యామ్‌నో, తీగనో, కార్డునో అనుమానించాలి. అప్పుడు దుకాణానికి తీసుకెళ్లడమే దారి. అయితే డిస్కులోని సమాచారం అవసరమని ముందే స్పష్టంగా చెప్పాలి. చెరిపేసిన ఫైళ్లు తిరిగి వస్తాయన్న భరోసా ఎవరూ ఇవ్వలేరు.